గిల్లేసిన మూడు పచ్చాకులు

పున్నమ్మకి నోరెక్కువ అని కాలనీ అంతా అంటుంది. అనేవాళ్ల నోళ్లేమీ తక్కువవి కావు గానీ, ఆ ముచ్చట ఇప్పుడొద్దు. అరవై రెండేళ్ల మనిషి. మూడో తరగతిలోనే బడి మానేసినా బస్సు బోర్డు, కరెంటు బిల్లు, మందు సీసా మీది తారీఖు ఎవరినీ అడగకుండా తనే చదువుకుంటుంది. ఒకరి గడపకి పోయి చారెడు పంచదార అడిగింది లేదు. నాది తప్పు అని ఒకరి ముందు అన్నదీ లేదు. మొదటి గుణాన్ని అందరూ మెచ్చుకున్నారు. రెండోది మాత్రం ఆమె మెడకే చుట్టుకుంది.

సత్తుపల్లి నుంచి దమ్మపేట పోయే వైపు, అడవి అంచున, ఇప్పలపాడు అని ఒక ఊరుండేది. ఉండేది అనే చెప్పుకోవాలి. బొగ్గు కోసం నేల తవ్వుకుంటూ తవ్వుకుంటూ గని ఊరి దాకా వచ్చింది. ఊరున్న చోట ఇప్పుడు తవ్విపోసిన మట్టి ఉంది, తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలబెట్టినంత ఎత్తున. ఆ ఊళ్లో చెంచురామయ్య, భద్రయ్య అని ఇద్దరు అన్నదమ్ములు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి బండ్లు కట్టుకుని వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్న కుటుంబం. పున్నమ్మ పెద్దాయన భార్య, పద్మావతమ్మ చిన్నాయన భార్య. నడిమి గోడ ఒకటే, వాకిలి ఒకటే, పొయ్యిలే రెండు. ముప్పై ఏళ్లు ఆ గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని, కూర గిన్నెలు గోడ మీదుగా అందించుకుని బతికారు.

పద్మావతమ్మకి కడుపు పండలేదు. పున్నమ్మకి ఒక్కతే కూతురు, సుజన. కన్నది పున్నమ్మే గానీ, జడ వేసింది, పేలు చూసింది, పరీక్షలప్పుడు తెల్లారుజామునే లేపి టీ పెట్టిచ్చింది పిన్ని.

"నువ్వు దువ్వితే నెత్తి మీద నాగలి దున్నినట్టు ఉంటదమ్మా. పిన్ని చేతికి నొప్పే తెలవదు" అని సుజన తల్లి మొహానే అనేది. నోరు తల్లిదే వచ్చింది మరి.

ఆ పిల్ల వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరిన ఏడు, సెలవులకొస్తూ తడిగుడ్డలో చుట్టి జానెడు పుల్ల ఒకటి తెచ్చింది. క్రోటన్ మొక్క కొమ్మ. బోరింగు పక్కన, ఎండ దండిగా పడే చోట గుచ్చింది.

"పుల్ల బతుకుద్దా ఎక్కడన్నా?" అంది పున్నమ్మ.

"ఎందుకు బతకదూ? దీనికి విత్తనం అక్కర్లేదమ్మా. ఒక కొమ్మని ఎన్ని పుల్లలు చేసి పెట్టినా అన్నీ ఒకటే మొక్క. మొక్క ఒక్కటే, చోట్లే వేరు. కాకపోతే..."

ఆ కాకపోతే తర్వాత పిల్ల ఏం చెప్పిందో పున్నమ్మ వినలేదు. పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. సగం విని మిగతా సగం నాకు తెలుసులే అనుకోవడం ఆమెకి మొదటి నుంచీ ఉన్న అలవాటే.

మొక్క మనిషెత్తు అయింది. ఆకు నడుమ ఎర్రటి ఈనె, అంచున పసుపు, ముదిరితే వంకాయ రంగు. ఎండ తగిలితే పొయ్యిలో నిప్పులు రాజేసినట్టు ఉండేది. బతుకమ్మ పేర్చేటప్పుడు అందరూ తాంబాళంలో గుమ్మడాకులు పరిస్తే, సుజన ఈ ఆకులు పరిచేది. "గుమ్మడాకు సాయంత్రానికే తల వేలాడేస్తది. ఇది చూడు, ఎంత పొగరుగా ఉందో, మా అమ్మ లాగా" అని నవ్వేది.

ఒక శ్రావణంలో ఆ పిల్లకి జ్వరం పట్టుకుంది. సత్తుపల్లి నుంచి ఖమ్మం దవాఖానాకి తీసుకుపోయారు. వారం. పందొమ్మిదేళ్ల పిల్ల. ఆ వారం గురించి పున్నమ్మ ఇప్పటికీ ఎవరితో మాట్లాడదు.

ఆ మరుసటి నెలే పెత్తర అమావాస్య వచ్చింది. పోయినవాళ్లకి బియ్యం ఇచ్చుకునే రోజు అది. ఆ సాయంత్రమే మొదటి బతుకమ్మ కూడా. పొద్దున్నే పున్నమ్మ బోరింగు దగ్గరికి పోయేసరికి పద్మావతమ్మ అక్కడే ఉంది. ఇద్దరూ ఒక్క మాటా అనుకోకుండా చెరో దోసెడు ఎర్రాకులు కోసి, సుజన ఫోటో చుట్టూ పేర్చారు. అప్పటి నుంచీ ఏటా అదే పని. పున్నమ్మకి సంవత్సరం మొత్తంలో పిల్లకి చెయ్యగలిగింది అదొక్కటే మిగిలింది.

ఊరు ఖాళీ చెయ్యాలన్నప్పుడు ఆమె ఇంటి కోసం ఏడవలేదు, పొలం కోసం ఏడవలేదు. ఆ మొక్క దగ్గర నిలబడిపోయింది. అంత చెట్టుని వేళ్లతో పెకిలిస్తే బతకదు. కొమ్మ కోయాలి. కత్తి తెచ్చుకుంది గానీ చెయ్యి ఆడలేదు.

"పద్మా, నేను దీనికి కత్తి పెట్టలేనే. నువ్వే కానియ్యి."

పద్మావతమ్మ చేతికి మొక్కలు ఊరికే బతికేవి. ఒకే కొమ్మని కోసింది, రెండు పుల్లలు చేసింది, రెండు పాత పెయింటు బకెట్లలో మట్టి పోసి నాటింది. నీలం బకెట్ అక్కకి, తెల్ల బకెట్ తనకి.

కొత్త కాలనీలో ఇళ్లు చీటీలు తీసి ఇచ్చారు. ముప్పై ఏళ్లు ఒక గోడ పంచుకున్నవాళ్లకి మూడు వీధుల దూరం పడింది. పద్మావతమ్మది మూల ఇల్లు, తూర్పు మొహం. పొద్దున్నుంచి మాపు దాకా ఎండే. పున్నమ్మది ఉత్తరం మొహం. ఎదురుగా నీళ్ల ట్యాంకు, పక్కన కమ్యూనిటీ హాలు గోడ. వాకిట్లో ఒడియాలు పెడితే వారానికి గానీ ఎండవు.

"బతికినన్నాళ్లు ఎండలో మాడాం. పోనీలే, చల్లగా ఉంది" అనేవాడు చెంచురామయ్య.

"నీకేం, కూర్చునే మనిషివి. నా ఒడియాలకి చెప్పు ఆ మాట" అనేది పున్నమ్మ.

రెండు పుల్లలూ నాటుకున్నాయి. ఏడాది తిరిగేసరికి తెల్ల బకెట్‌లో మొక్క పాత చెట్టు లాగే భగ్గుమంది. నీలం బకెట్‌లోది ఏపుగానే పెరిగింది గానీ, పుల్లతో పాటు వచ్చిన నాలుగు ఎర్రాకులు రాలిపోయి, కొత్తగా వచ్చినవన్నీ పచ్చ. అక్కడక్కడా పసుపు చుక్క. ఒక్క ఎర్ర గీత లేదు. పున్నమ్మ పేడ వేసింది, వేపపిండి వేసింది, బియ్యం కడుగు పోసింది. ఆకు ఇంకా పెద్దదైంది, ఇంకా పచ్చబడింది. రోజూ పొద్దున దాని ముందు కూర్చుని కొత్త చిగురు విప్పి చూసేది. మూడు వీధుల అవతల దాన్ని కూడా, పని ఉన్నా లేకున్నా పోయి చూసి వచ్చేది. లోపల ఏదో పుల్లబడుతూ వచ్చింది.

పెత్తర అమావాస్య వచ్చింది. పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. బిందెలు, గునుగు పూల కట్టలు, తంగేడు కొమ్మలు, నవ్వులు. పద్మావతమ్మ పళ్లెం నిండా ఎర్రాకులు కోసుకుని అక్కని వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది.

"అక్కా, నీ దాంట్లో రంగు రాలేదుగా. పిల్లకి ఇవి తెచ్చాను."

మంచికే తెచ్చింది. ఆ మాట మాత్రం పున్నమ్మకి తగలరాని చోట తగిలింది.

"నా దాంట్లో ఎందుకు రాలేదే?"

"ఏమో అక్కా. రెండూ ఒక కొమ్మవే."

"ఒక కొమ్మవైతే ఒక రంగే రావాలి. నా బిడ్డ చెప్పింది, ఎన్ని పుల్లలు పెట్టినా ఒకటే మొక్క అని. చదువుకున్న పిల్ల చెప్పింది! దారిన పోయే పుల్ల ఏదో నాకు అంటగట్టి, అసలుది నువ్వు ఉంచుకున్నావు."

"అక్కా, నలుగురిలో ఏందిది..."

"నలుగురూ వినాలి. నీ కడుపున పుట్టలేదని నా పిల్లని ముద్దు చేసుకున్నావు, సరే, ఊరుకున్నాను. అది పోయినాక కూడా నాకు మిగల్చవా? దొంగదానా!"

నల్లా కింద బిందె నిండి నీళ్లు పొర్లుతున్నాయి. ఎవరూ కదల్లేదు, కట్టెయ్యలేదు. పద్మావతమ్మ పళ్లెం గట్టు మీద పెట్టి, కొంగు సర్దుకుని, వచ్చిన దారినే పోయింది. ఆ ఆకులు సాయంత్రానికి ఎవరి బతుకమ్మ కిందకో పోయాయి. సుజన ఫోటో ఆ ఏడు ఉత్తగానే ఉంది.

ఇంట్లో చెంచురామయ్య అన్నాడు, "ముప్పై ఏళ్లలో ఆ మనిషి నీ దగ్గర సూదన్నా దాచిందా?"

"నీ తమ్ముడి పెళ్లాన్ని నువ్వు వెనకేసుకు రావడం నాకు కొత్తేం కాదు" అంది పున్నమ్మ. అంతకుముందు ఒక్కసారి కూడా వెనకేసుకు రాని మనిషి ఆయన.

మర్నాడు ముగ్గు వెయ్యడానికి తలుపు తీస్తే గడప పక్కన తెల్ల బకెట్ ఉంది, ఎర్రగా మెరిసే మొక్కతో సహా. నీలం బకెట్ లేదు. మనిషీ లేదు, మాటా లేదు.

"చూశావా? దొంగిలించింది దొంగిలించినట్టే తెచ్చిపెట్టి పోయింది" అంది మొగుడితో. ఆయన తువ్వాలు భుజానేసుకుని టీ కొట్టుకి పోయాడు. ఆ రోజు ఆమెకి గెలిచినట్టే ఉంది. మొక్క ముందు కూర్చుని ఒక్కో ఆకూ కొంగుతో తుడిచింది. "వచ్చావా అమ్మా" అంది.

కార్తీకంలో ఆ మొక్కకి కొత్త ఆకు విచ్చుకుంది. పచ్చగా. నిఖార్సైన పచ్చ, నీలం బకెట్‌లో వచ్చినట్టే.

పున్నమ్మ చాలాసేపు చూసింది. ఆమె తెలివితక్కువది కాదు. మొక్క అదే, తన కళ్ల ముందే ఉంది, ఎవరూ మార్చలేదు. మరి ఆకెందుకు మారింది? అర్థం పూర్తిగా కాలేదు గానీ, కావలసినంత అయింది. మారింది మొక్క కాదు, చోటు. పద్మది ఏ తప్పూ లేదు. చెయ్యాల్సింది కూడా తెలుసు. మూడు వీధులు నడవాలి, తలుపు తట్టాలి, ఒక్క మాట అనాలి.

ఆ ఆకుని తొడిమ దగ్గర గిల్లేసింది. వాకిట్లో పారేస్తే ఎవరి కంటన్నా పడుతుందని లోపలికి తీసుకుపోయి, ట్రంకుపెట్టెలో సుజన ఓణీ మడతలో పెట్టింది. రేపు పోదాం అనుకుంది. మార్గశిరంలో రెండో ఆకు పచ్చగా వచ్చింది. దాన్నీ గిల్లింది. పుష్యంలో మూడోది. దాన్నీ. గిల్లినప్పుడల్లా తెల్లటి పాలు వేళ్లకి అంటేవి, చీర చెంగున మరక పడేది, ఎంత ఉతికినా పోయేది కాదు. ముదురాకులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చూసేవాళ్లకి మొక్క నిండుగానే కనబడేది.

ఆ పుష్యంలోనే ఒక పొద్దున పద్మావతమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పట్టుకునే కూర్చుండిపోయింది. భద్రయ్య ఆటో పిలిచేలోపే అయిపోయింది.

కబురొచ్చాక పున్నమ్మ మూడు వీధులూ నడిచింది. అంత దగ్గరా అనిపించింది. పుణ్యస్త్రీగా పోయిన మనిషికి పసుపు రాయాల్సింది తోడికోడలే. వదిలిపెట్టి పక్కకి జరుగుదామన్నా వీల్లేదు, అందరూ చూస్తున్నారు. పాదాలకి రాసింది, చేతులకి రాసింది. కుడి చేతి గోళ్ల సందుల్లో మట్టి ఉంది. తడి మట్టి, మొక్కకి తవ్విన మట్టి. ఆ ఒక్క చెయ్యి ఎంతసేపు తుడిచిందో. ఏడుపు రాలేదు. రాలేదని కూడా కాలనీ నాలుగు రోజులు చెప్పుకుంది.

పదకొండో రోజు పెద్దకర్మకి పోయినప్పుడు తూర్పు మూల నీలం బకెట్ కనబడింది. తను వద్దన్న మొక్క. కింద పెద్ద పెద్ద పచ్చాకులు అట్లాగే ఉన్నాయి. పైన కొత్తగా వచ్చిన ఏడెనిమిది ఆకులు ఎర్రగా, పసుపు అంచుతో, అచ్చం బోరింగు పక్కన చెట్టువి.

సువర్ణ అక్కడే విస్తళ్లు తుడుస్తోంది. పక్క తండా అమ్మాయి, పామాయిలు నర్సరీలో పని చేస్తుంది, పద్మావతమ్మ ఎదురింట్లోనే కిరాయికుంటుంది.

"అట్ల చూస్తున్నవేంది పెద్దమ్మా? నీ మొక్కనే అది."

"ఎందుకట్లా అయింది?"

"ఎండ పెద్దమ్మా. ఆ మొక్కల ఎరుపుంటది, పసుపుంటది, పచ్చుంటది. అన్ని రంగులు ప్రతి పుల్లల ఉంటయ్. ఆకు బువ్వ వండుకునేది పచ్చతోని. నీడల పెడితే ఎండ సాలదు, ఆకలైతది, అందుకని పచ్చని పెంచుకుంటది. ఎండ దండిగుంటే అంత పచ్చ అక్కర్లేదు. అప్పుడు ఎరుపు బయటికొస్తది, మండే ఎండకి గొడుగు పట్టినట్టు. పుల్ల ఒకటే. దానికి తగిలిన ఎండని బట్టి రంగు."

కాకపోతే, అని సుజన చెప్తుంటే తను వినకుండా పోయిన సగం ఇదే.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు ఇది?"

"నాకెప్పుడూ తెలుసు. పద్మమ్మ అడిగింది, నల్లా కాడ గొడవైన రోజే. నేనొచ్చి నీకు చెప్తానంటే ఒద్దన్నది. మా అక్క ఒకరు చెప్తే వినదు, కంటితోని చూస్తేనే నమ్ముద్ది, అన్నది. అందుకే బకెట్లు మార్చింది పెద్దమ్మా. నీ కాడ పచ్చగైతది, నా కాడ ఎర్రగైతది, అప్పుడు తనే వస్తది, నన్నే తిట్టుకుంట వస్తది, అని నవ్వింది."

భద్రయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "రోజూ పొద్దున ఊడుస్తూ ఆ మలుపు దాకా చూసేది వదినా. అక్క మొక్కకి ఇంకా ఆకు తిరగలేదా ఏందయ్యా అనేది. ఆ రోజు కూడా అదే మాట."

తిరిగింది. మూడుసార్లు తిరిగింది. పున్నమ్మ ఆ మాట గొంతులోనే ఉంచుకుంది. విస్తరి ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయింది. భద్రయ్య మాట నిజమైతే ఆ మనిషి ప్రతి పొద్దున ఒక ఆకు కోసం చూసింది. ఆ ఆకుని తను ఓణీ మడతలో పెట్టి పెట్టెకి తాళం వేసింది.

తర్వాత ఎనిమిది నెలలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నోరున్న మనిషి నోరు తగ్గించిందని కాలనీ సంతోషించింది. ఇప్పుడు ఆకులు గిల్లడం మానేసింది. తెల్ల బకెట్‌లో ఎర్రాకులు ఒక్కోటే రాలి, మొక్క నిలువునా పచ్చబడింది. చెంచురామయ్య ఒకసారి ఎండలో పెడదామా అన్నాడు.

"వద్దు. ఉండనీ. దాన్నట్లాగే నలుగురూ చూడాలి" అంది.

పెత్తర అమావాస్య మళ్లీ వచ్చింది. పద్మావతమ్మకి మొదటిది. పొద్దున్నే పున్నమ్మ తెల్ల బకెట్ రెండు చేతులా ఎత్తుకుని బయల్దేరింది. చెంచురామయ్య పట్టబోతే మోచేత్తో నెట్టింది. బరువుకి మూడు చోట్ల దించుకుంది. మూడోసారి దించింది నల్లా దగ్గర.

"ఏంది పున్నమ్మత్తా, మొక్కని ఊరేగిస్తున్నవా?" అంది ఒకామె.

"అవ్, ఊరేగింపే. మొక్కకి కాదు, నాకు" అంది పున్నమ్మ. నడుం నిటారుగా పెట్టింది. గొంతు పోయినేడు ఎంత లేచిందో అంతే లేపింది. "పోయినేడు ఇక్కడ పద్మని దొంగ అన్నాను. విన్నవాళ్లంతా వినండి. ఇదే ఆ ఎర్రమొక్క. నా వాకిట్లో నీడకి పచ్చబడింది. పద్మ దొంగ కాదు. కార్తీకంలోనే నాకు తెలుసు, అప్పటికి అది బతికే ఉంది. పచ్చాకు వస్తే గిల్లి దాచాను, వెళ్లి చెప్పలేదు. మొహం చెల్లక కాదు. పొగరు."

ఒకామె వంగి నల్లా కట్టేసింది.

భద్రయ్య వాకిట్లో బకెట్ దించి, తూర్పు మూలకి జరిపి, నీలం దాని పక్కన పెట్టింది. లోపల గోడకి పద్మావతమ్మ ఫోటో, దాని పక్కనే చిన్నది, సుజనది. పాలిటెక్నిక్ ఐడీ కార్డు ఫోటోని పద్మే పెద్దది చేయించింది. తన ఇంట్లో లేని ఫోటో. ఇంత చిన్న ఇంట్లో, ముందు గదిలోనే ఉన్న దాన్ని, ఇన్నాళ్లూ చూడలేదు.

నీలం బకెట్ మొక్క నుంచి దోసెడు ఎర్రాకులు కోసి పిల్ల ఫోటో చుట్టూ పెట్టింది. తర్వాత కొంగు ముడి విప్పింది. ఎండి, ముడుచుకుని, గోధుమ రంగుకి తిరిగిన మూడు ఆకులు. ఒకప్పుడు ఏ రంగో ఇప్పుడెవరూ చెప్పలేరు. వాటిని పద్మావతమ్మ ఫోటో కింద వరసగా పెట్టింది.

"ఇవేంది వదినా?" అన్నాడు భద్రయ్య.

"దానివే. నా దగ్గర ఉండిపోయినయ్."

ఆయన లోపలికి పోయి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు.

"అక్క వస్తే టీ పెట్టమని చెప్పేది. చక్కెర తక్కువైతే అక్క మొహం చిట్లిస్తది, రెండు చెంచాలెక్కువ వెయ్యి అనేది."

పాకం లాగా ఉంది టీ. పున్నమ్మకి చక్కెర జబ్బొచ్చి రెండేళ్లయింది, ఆ సంగతి ఈ ఇంటికి తెలియదు. గని వైపు నుంచి రోజువారీ పేలుడు వినబడింది, గోడనున్న గిన్నెలు గలగలమన్నాయి, వాకిట్లో రెండు మొక్కలూ కాస్త ఊగాయి. గ్లాసు అడుగు కనబడే దాకా ఆ టీ తాగింది, ఒక్క వంక పెట్టకుండా.